కొలిమిని రాజేసే కణపుంజం

కేంద్రక సంలీనాన్ని మనిషి ఇంకా సాధించలేదని చాలామంది అనుకుంటారు. సాధించి తొంభై ఏళ్ళు దాటింది. 1934లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో మార్క్ ఒలిఫాంట్, పాల్ హార్టెక్, ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ కలిసి భారజలంలో ఉండే బరువు హైడ్రోజన్ (డ్యుటీరియం) కేంద్రకాలను, అంటే డ్యుటెరాన్లను, విద్యుత్ క్షేత్రంలో ఉరికించి డ్యుటీరియం కలిసిన లవణాల మీదికి కొట్టారు. కొన్ని డ్యుటెరాన్లు ఎదురుగా ఉన్న డ్యుటెరాన్లతో కలిసిపోయాయి. ఆ కలయికల్లోంచి రెండు కొత్త కేంద్రకాలు బయటపడ్డాయి. ఒకటి మూడు భారం గల హైడ్రోజన్, దాన్నే ఇవాళ ట్రిటియం అంటున్నాం. రెండోది మూడు భారం గల హీలియం. తేలిక కేంద్రకాలు కలిసి శక్తినివ్వడమనే నక్షత్రాల పని ఒక గదిలో పట్టే యంత్రంతో జరిగిపోయింది.

మరి ఆ శక్తితో మన ఇంట్లో దీపం ఎందుకు వెలగడం లేదు? జవాబు ఆ ప్రయోగంలోనే ఉంది. సంలీనం మీద వచ్చే వార్తలు మాత్రం దాన్ని దాటేసి నేరుగా అపార శక్తి, స్వచ్ఛమైన శక్తి అనే మాటల దగ్గరికి వెళ్ళిపోతాయి. అలా దాటేయడం పాఠకుడికి అన్యాయమని నా అభిప్రాయం. కలపడం ఎప్పుడో తెలిసిన విద్య. పెట్టిన శక్తి కన్నా వచ్చిన శక్తి ఎక్కువగా ఉండేలా కలపడమే ఇంకా చేతికి రాని విద్య. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని కొలిచి చూపించేది కణపుంజమే (ఇలా ఉరికించిన కణాల ధార), ఆ దూరాన్ని తగ్గించడానికి సంలీన శాస్త్రజ్ఞులు మళ్ళీ మళ్ళీ ఆశ్రయిస్తున్నదీ కణపుంజాన్నే.

లెక్కతో మొదలుపెడదాం. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు తేడాను దాటినప్పుడు దానికి వచ్చే శక్తిని ఎలక్ట్రాన్ వోల్టు అంటారు. డ్యుటెరాన్‌ను లక్ష వోల్టుల తేడాలో ఉరికిస్తే దానికి లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. ఆ ఊపులో అది ఒక ట్రిటియం కేంద్రకంతో కలిస్తే ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ పుట్టి, రెండూ కలిపి దాదాపు 1 కోటి 76 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు మోసుకుపోతాయి. పెట్టుబడికి 176 రెట్లు రాబడి. లక్ష వోల్టులంటే అందరాని సంగతి కూడా కాదు. మన పొలాల మీదుగా పోయే హైటెన్షన్ తీగల్లో 132 కిలోవోల్టులు మామూలే. పైగా డ్యుటీరియం, ట్రిటియం కలవడానికి అన్నిటికన్నా అనువైన శక్తి కూడా ఇంచుమించు అక్కడే, లక్షా పదివేల ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కలే ఉంది.

రెండు ధన కేంద్రకాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా, అంత తక్కువ శక్తితో ఎలా కలుస్తాయన్న సందేహం రావాలి. పాత భౌతికశాస్త్రం ప్రకారం ఆ అడ్డుగోడ ఎక్కడానికి అంతకు కొన్ని రెట్లు కావాలి. క్వాంటం శాస్త్రం ప్రకారం కణం గోడ ఎక్కకుండానే అవతలికి చేరే అవకాశం కొంత ఉంటుందని 1928లో జార్జ్ గామోవ్ చూపించాడు. ఆ మాట నమ్మే జాన్ కాక్‌క్రాఫ్ట్, ఎర్నెస్ట్ వాల్టన్ తమ యంత్రాన్ని కట్టారు. 1932 ఏప్రిల్‌లో ప్రోటాన్ల పుంజంతో లిథియం కేంద్రకాన్ని రెండు ముక్కలు చేశారు. 1951లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఒలిఫాంట్ బృందం నడిచింది ఆ బాటలోనే.

ఇక చిక్కు ఎక్కడుందో చూద్దాం. లక్ష్యంలోకి దూసుకెళ్ళిన డ్యుటెరాన్‌కు కేంద్రకాల కన్నా ముందు ఎదురయ్యేది ఎలక్ట్రాన్ల గుంపు. అడుగడుగునా వాటిని కదిలిస్తూ, తన శక్తిని కొంచెం కొంచెంగా వాటికి ధారపోస్తూ, ఒక మైక్రాన్ అటూ ఇటూ లోతు వెళ్ళేసరికి డ్యుటెరాన్ నిలిచిపోతుంది. ఆలోగా దారిలో ఒక కేంద్రకానికి సరిగ్గా ఎదురుపడి కలిసే అవకాశం ఎంత? పదివేల డ్యుటెరాన్లను కొడితే ఒక్కటి కూడా కలవదు. ఖర్చు తిరిగి రావాలంటేనే 176లో ఒకటి కలవాలి. మిగతా వాటికి మనం ఇచ్చిన శక్తి అంతా లక్ష్యాన్ని వేడెక్కించి వృథా అవుతుంది. వోల్టేజి పెంచినా, పుంజం బలం పెంచినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. కొట్టేవి రెట్టింపైతే తప్పిపోయేవి కూడా రెట్టింపే. పరమాణువుల్ని మార్చి శక్తిని రాబట్టుకోవచ్చన్న ఆశను రూథర్‌ఫర్డ్ 1933లో బహిరంగ సభలోనే కొట్టిపారేశాడు. ఆ తీర్పును తరవాతి కాలం తప్పుపట్టింది, యురేనియం విచ్ఛిత్తి బయటపడ్డాక. కానీ పుంజంతో చల్లని లక్ష్యాన్ని కొట్టే పద్ధతికి మాత్రం ఆయన లెక్క అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే.

ఆ పద్ధతి మూలపడలేదని కూడా చెప్పాలి. శక్తి కోసం కాకుండా న్యూట్రాన్ల కోసమైతే అది చక్కగా పనికొస్తుంది. చమురు బావుల్లోకి దించి చుట్టూ ఉన్న రాతి పొరల గుణాలు తెలుసుకునే సన్నటి గొట్టాల్లో ఇవాళ జరుగుతున్నది ఇదే సంలీనం.

తప్పిపోయిన కణం శక్తి వృథా కాకుండా చూడాలంటే ఏం చెయ్యాలి? లక్ష్యాన్నే కోట్ల డిగ్రీలకు వేడెక్కించాలి. అంత వేడిలో పరమాణువులు ఉండవు, ఎలక్ట్రాన్లూ కేంద్రకాలూ విడివిడిగా ఉరకలేసే ప్లాస్మా ఉంటుంది. అందులో ఒక కేంద్రకం గురి తప్పితే దాని శక్తి పక్కదానికి చేరుతుంది, బయటికి పోదు. ప్లాస్మాను గోడలకు తగలకుండా అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచగలిగినంతసేపూ ప్రతి కేంద్రకానికీ లెక్కలేనన్ని అవకాశాలు. దీనికోసం రష్యన్లు రూపొందించిన గుండ్రటి గొట్టం లాంటి యంత్రమే టోకమాక్.

టోకమాక్‌లో ప్లాస్మాను వేడి చెయ్యడానికి సులువైన మార్గం దానిగుండా కరెంటు పంపడం, హీటర్ తీగలో లాగే. కానీ ప్లాస్మా ఇక్కడ మొండికేస్తుంది. లోహపు తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. ప్లాస్మాలో తగ్గుతుంది. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత నాలుగు రెట్లు పెరిగితే నిరోధం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వేగంగా పోయే ఎలక్ట్రాన్ మీద పక్కనున్న కేంద్రకం తన ప్రభావం చూపించే లోపే అది దాటిపోతుంది కాబట్టి. ఆ కారణంగా కరెంటుతో ఒకటి రెండు కోట్ల డిగ్రీల దాకా వెళ్ళేసరికే వేడి పెరగడం మందగిస్తుంది. కావలసింది 10 కోట్ల పైమాట.

ఇక్కడ కణపుంజం మళ్ళీ రంగంలోకి వస్తుంది, ఈసారి వేరే పనికి. బయట ఒక యాక్సిలరేటర్‌లో కణాలను పదుల వేల వోల్టులతో ఉరికించి ప్లాస్మాలోకి పంపితే, అవి అక్కడి కణాలను ఢీకొంటూ నెమ్మదించి తమ శక్తిని ప్లాస్మాకు అప్పగిస్తాయి. విద్యుదావేశం ఉన్న కణాన్ని టోకమాక్ అయస్కాంత క్షేత్రం గుమ్మంలోనే పక్కకు తిప్పేస్తుంది. అందుకని ముందు అయాన్లను ఉరికించి, తరవాత వాటిని పలచటి వాయువున్న గదిలోంచి పోనిచ్చి, ఆ వాయువు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను అందుకునేలా చేస్తారు. ఆవేశం పోతుంది, వేగం మిగులుతుంది. ఆ తటస్థ పరమాణువులు అయస్కాంత క్షేత్రాన్ని లెక్కచెయ్యకుండా లోపలికి వెళ్ళి, ప్లాస్మాలో మళ్ళీ అయాన్లుగా మారి, ఆ క్షేత్రానికే చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. ఎంత తెలివైన ఏర్పాటో! ఏ క్షేత్రం కణాన్ని రానివ్వదో ఆ క్షేత్రం చేతే దాన్ని లోపల కాపలా కాయించడం.

దీనికి కావలసిన అయాన్ల తయారీ విద్య యుద్ధకాలంలో నేర్చిందే. 1931లో బర్కిలీలో ఎర్నెస్ట్ లారెన్స్, స్టాన్లీ లివింగ్‌స్టన్ అరచేతిలో పట్టే సైక్లోట్రాన్‌లో అయాన్లను తిప్పి చూపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో లారెన్స్ ఆ అనుభవంతోనే యురేనియం ఐసోటోపులను వేరు చేసే కాల్యుట్రాన్లను తయారుచేశాడు. అవి వందల సంఖ్యలో ఓక్‌రిడ్జ్‌లో పనిచేశాయి. పెద్ద మొత్తంలో అయాన్లను పుట్టించడం, వాటిని చెదిరిపోకుండా నడిపించడం నేర్చిన ఈ రెండు ప్రయోగశాలలే తరవాతి తరంలో సంలీన యంత్రాలకు తటస్థ పుంజాలను అందించాయి. 1978లో ప్రిన్స్‌టన్‌లోని పీఎల్‌టీ టోకమాక్ ఓక్‌రిడ్జ్ పుంజాల సాయంతో 6 కోట్ల డిగ్రీలను తాకింది. అంత వేడిలో ప్లాస్మా అదుపు తప్పుతుందన్న భయం చాలామందిలో ఉండేది. కానీ ప్లాస్మా అదుపు తప్పలేదు. టోకమాక్ మీద ప్రపంచానికి గట్టి నమ్మకం కుదిరింది ఆ ఏడాదేనని నేననుకుంటాను.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు దానికి ఏడేళ్ళ ముందటిది. 1971లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు జాన్ డాసన్, హెరాల్డ్ ఫర్త్, ఫ్రెడ్ టెన్నీ ఒక చిన్న పత్రంలో రూథర్‌ఫర్డ్ నాటి ప్రశ్నను తిరగదోడారు. చల్లని లక్ష్యంలో డ్యుటెరాన్‌ను ఆపేసేది ఎలక్ట్రాన్లు. మరి ఎలక్ట్రాన్లు కోట్ల డిగ్రీల వేడిలో ఉంటే? ప్లాస్మాలో కరెంటుకు నిరోధాన్ని తగ్గించిన నియమమే ఇక్కడ డ్యుటెరాన్‌కు ఎలక్ట్రాన్ల వల్ల కలిగే అడ్డును కూడా తగ్గిస్తుంది, అదే లెక్కన. నాలుగు రెట్ల వేడికి ఎనిమిదో వంతు అడ్డు. డ్యుటెరాన్ ఆగకుండా చాలా దూరం పోతుంది, కలిసే అవకాశం అంతకంతకూ పెరుగుతుంది. కరెంటుతో వేడి చేసే దారిని మూసేసిన గుణమే పుంజంతో సంలీనం చేసే దారిని తెరిచిందన్నమాట. వేడి ట్రిటియం ప్లాస్మాను లక్ష్యంగా పెట్టి డ్యుటీరియం పుంజంతో కొడితే, పెట్టినంత శక్తి తిరిగి రావడం అసాధ్యం కాదని వాళ్ళు చూపించారు.

ఇది కాగితం మీదే ఆగిపోలేదు. ప్రిన్స్‌టన్‌లో కట్టిన టీఎఫ్‌టీఆర్ 1994లో 10.7 మెగావాట్ల సంలీన శక్తినిచ్చింది. దానికి పుంజాలను రూపొందించింది బర్కిలీ. ఇంగ్లండ్‌లోని జెట్ యంత్రం 1997లో 16 మెగావాట్లు ఇచ్చింది. 2021లో 5 సెకన్ల పాటు నిలిచిన ఒక ప్లాస్మాలోంచి అదే యంత్రం 59 మెగాజౌళ్ళ శక్తిని రాబట్టింది. పత్రికలు దాన్ని పెద్ద అక్షరాలతో వేశాయి. అవి పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ ప్లాస్మాలో ట్రిటియం పాలు ఎక్కువగా ఉంచి, దాంట్లోకి డ్యుటీరియం పుంజాలను పంపారు. సంలీనంలో పెద్ద వాటా పుంజపు డ్యుటెరాన్లు నేరుగా ట్రిటియాన్ని కొట్టడం వల్ల వచ్చిందే. ఒలిఫాంట్ చేసిన పనే అది, లక్ష్యం మాత్రం కోట్ల డిగ్రీల వేడిలో ఉంది. వచ్చిన శక్తి ప్లాస్మాను వేడిచెయ్యడానికి పెట్టినదాంట్లో మూడో వంతు. చల్లని లక్ష్యం రోజులతో పోలిస్తే అదెంత పెద్ద గెంతో పై లెక్క చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

అయినా ఈ దారికి ఒక హద్దు ఉంది. సంలీనం కోసం పుంజం మీదే ఆధారపడితే రాబడి పెట్టుబడికి సమానంగానో, కొద్దిగా ఎక్కువగానో ఉండి ఆగిపోతుంది. విద్యుత్కేంద్రానికి అది చాలదు. అక్కడ పుంజం చెయ్యాల్సింది కొలిమిని రాజెయ్యడం వరకే. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు వచ్చే శక్తిలో ఐదో వంతు హీలియం కేంద్రకం దగ్గర ఉంటుంది. దానికి ఆవేశం ఉంది కాబట్టి ప్లాస్మాలోనే చిక్కుకుని దాన్ని వేడి చేస్తుంది. ఫ్రాన్స్ దక్షిణాన కడరాష్ దగ్గర భారత్‌తో సహా అనేక దేశాలు కలిసి కడుతున్న ఈటర్ యంత్రం లక్ష్యం ఇది: 50 మెగావాట్ల వేడి పెట్టి 500 మెగావాట్ల సంలీన శక్తి రాబట్టడం. అప్పుడు హీలియం కేంద్రకాలు ఇచ్చే వేడి 100 మెగావాట్లు, అంటే బయటి నుంచి పెట్టినదానికి రెట్టింపు. 2024లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం అక్కడ పరిశోధనలు 2034లో మొదలవుతాయి, డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలు 2039లో.

ఈటర్ ప్లాస్మా చాలా పెద్దది, దట్టమైనది. లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల పుంజం దాని అంచుల్లోనే ఆగిపోతుంది. నడిబొడ్డు దాకా పోవాలంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఈ పది రెట్ల పెంపు సంఖ్యగా చూస్తే చిన్నదే. కానీ అది మొత్తం యంత్రాన్నే మార్చేసింది.

కారణం వేగంలో ఉంది. లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటెరాన్ సెకనుకు దాదాపు 3,100 కిలోమీటర్ల వేగంతో పోతుంది. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ తిరిగే వేగం సుమారు 2,200 కిలోమీటర్లు. రెండూ ఒక స్థాయిలోవే కాబట్టి దారిలో వాయువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను డ్యుటెరాన్ తన వెంట తీసుకుపోగలదు. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దాని వేగం 9,800 కిలోమీటర్లు. అంత వేగంలో ఎలక్ట్రాన్ దానికి చిక్కదు. ధన అయాన్లు ధన అయాన్లుగానే మిగిలిపోతాయి, ప్లాస్మాలోకి పోవలసిన తటస్థ పరమాణువులు దాదాపు పుట్టవు. అందుకని తలకిందులుగా ఆలోచించారు. ఎలక్ట్రాన్‌ను అందుకోవడం కష్టమైతే, ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా మోసుకొచ్చి దారిలో వదిలించుకుంటే సరి. అంటే రుణ అయాన్లు. ఆ అదనపు ఎలక్ట్రాన్ 0.75 ఎలక్ట్రాన్ వోల్టుల బలహీనమైన పట్టుతో వేలాడుతూ ఉంటుంది, ఎంత వేగంలోనైనా ఊడిపోతుంది. జపాన్‌లో జేటీ-60యూ టోకమాక్ 1996 నుంచి ఈ పద్ధతిని వాడి చూపించింది.

తేలిగ్గా ఊడిపోయే ఎలక్ట్రాన్ అనవసరమైన చోట కూడా అంతే తేలిగ్గా ఊడిపోతుంది. కష్టాలన్నీ ఇక్కడినుంచే. అయాన్లు పుట్టే గదిలో వాయువు ఎక్కువైతే, వేగం అందుకునే లోపే అయాన్లు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని పుంజం నుంచి తప్పుకుంటాయి. అందుకని ఆ గదిలో పీడనం 0.3 పాస్కల్‌కు మించకూడదు, అంటే వాతావరణ పీడనంలో మూడు లక్షలో వంతు కన్నా తక్కువ. అంత పలచటి వాయువులోంచి 40 ఆంపియర్ల డ్యుటీరియం రుణ అయాన్ల పుంజాన్ని గంటసేపు ఏకధాటిగా నడపాలి. గది గోడల మీద సీసియం లోహపు పలచటి పూత ఉంటే ఆ ఉపరితలం ఎలక్ట్రాన్లను సులువుగా వదులుతుంది, తగిలిన హైడ్రోజన్ పరమాణువులు వాటిని తీసుకుని రుణ అయాన్లుగా మారతాయి. కానీ సీసియం నిలకడ లేని లోహం. తేమ తగిలితే మండుతుంది, ప్లాస్మా తగిలితే ఒకచోటి నుంచి లేచి మరోచోట పేరుకుంటుంది. గంటసేపు పూత ఒకే తీరుగా ఉంచడం ఈ రంగంలో పెద్ద విద్య. పైగా రుణ అయాన్లను లాగే విద్యుత్ క్షేత్రం గదిలో తిరిగే ఎలక్ట్రాన్లను కూడా వాటితోపాటు లాగుతుంది. వాటిని అయస్కాంతాలతో దారి మళ్ళించకపోతే అవి పుంజం బయటికి వచ్చే రంధ్రాల పలకలను, అంటే గ్రిడ్లను, కాల్చేస్తాయి.

పుంజానికి ఒక పుట్టు గుణం కూడా ఉంది, యాక్సిలరేటర్ల దగ్గర పనిచేసే ప్రతివాళ్ళూ దాంతో కుస్తీ పడతారు. అందులోని కణాలన్నిటిదీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ పుంజాన్ని విచ్చిపోయేలా చేస్తాయి. ఒక్క రంధ్రంలోంచి తీయగలిగిన కరెంటుకు అందువల్ల హద్దుంటుంది. ఈటర్ పుంజం ఒక్క పుంజం కాదు, గ్రిడ్లలోని 1,280 రంధ్రాల్లోంచి వచ్చే 1,280 చిన్న పుంజాల కట్ట. ఇరవై మీటర్లకు పైగా ప్రయాణించి, అన్నీ ఒకే కిటికీలోంచి ప్లాస్మాలోకి దూరాలి. కొన్ని మిల్లీరేడియన్లు పక్కకు వంగినా ఆ శక్తి గోడ మీద పడుతుంది.

ఇవన్నీ ముందుగా పరీక్షించడానికే ఇటలీలోని పదువాలో రెండు యంత్రాలు కట్టారు. అయాన్లు పుట్టే గదిని పూర్తి సైజులో పరీక్షించే స్పైడర్ 2018లో మొదలైంది. మొత్తం పుంజాన్ని పది లక్షల వోల్టుల దాకా తీసుకెళ్ళాల్సినది మిటికా. స్పైడర్ నేర్పిన పాఠాలు ఖరీదైనవి. అయాన్ గది వెనకవైపు, వాయువు పీడనం కాస్త ఎక్కువగా ఉన్న చోట, రేడియో తరంగాల వల్ల మెరుపులు రేగాయి. వాయువును తగ్గించడానికి చాలా రంధ్రాలను మూసేసి, మిగిలిన కొద్ది రంధ్రాలతోనే కొంతకాలం ప్రయోగాలు చెయ్యాల్సి వచ్చింది. తరవాత యంత్రాన్ని ఆపి, పంపుల దగ్గర నుంచి చాలా భాగాలు మార్చారు. ఫ్రాన్స్‌లో పూర్తి యంత్రంలో ఈ తప్పులు బయటపడితే సరిదిద్దడం ఎంత కష్టమో ఊహిస్తే, పదువాలో పోయిన కాలం వృథా కాదని ఒప్పుకుంటాం.

స్పైడర్‌కు దాదాపు 100 కిలోవోల్టులు అందించే విద్యుత్ సరఫరా భారత్ వాటా కింద వెళ్ళింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన సంస్థ ఇది, ఆయన పేరు మీదే ఇవాళ ఎ.ఎస్. రావు నగర్ ఉంది. ఎన్నికల యంత్రాల సంస్థగా మనకు తెలిసిన ఈసీఐఎల్ ఒక సంలీన యంత్రానికి ఇచ్చిన ఈ భాగం గురించి మన దగ్గర ఎక్కువగా చెప్పుకోకపోవడం నాకు కష్టంగా తోస్తుంది. అదేమీ చిన్న పని కాదు. గ్రిడ్ల మధ్య అప్పుడప్పుడు మెరుపు రేగడం తప్పదు. ఆ క్షణంలో సరఫరా మైక్రోసెకన్ల లెక్కన ఆగిపోవాలి, లేకపోతే మెరుపు గ్రిడ్‌ను కరిగిస్తుంది. ఆగిన వెంటనే మళ్ళీ అదే వోల్టేజికి తిరిగి రావాలి, లేకపోతే పుంజం పోతుంది. ఒక పెద్ద సరఫరాకు ఇది సాధ్యం కాదు. కొద్ది వందల వోల్టులు ఇచ్చే చిన్న మాడ్యూళ్ళను ఎన్నో వరసగా కలిపి, ఒక్కోదాన్ని విడిగా ఆపుతూ, వెలిగిస్తూ వోల్టేజిని నడిపిస్తారు.

భారత్‌కు ఈటర్‌లో సొంత పుంజం కూడా ఒకటి ఉంది. గాంధీనగర్ కేంద్రంగా జరుగుతున్న ఈ పనిలో పుంజం వేడి చెయ్యదు, లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది. లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల హైడ్రోజన్ పరమాణువులు ప్లాస్మాలోని హీలియం కేంద్రకాలకు తమ ఎలక్ట్రాన్‌ను ఇచ్చినప్పుడు వెలువడే కాంతిని చదివి, సంలీనం మిగిల్చిన హీలియం బూడిద ఎంత పేరుకుందో చెబుతారు. బూడిద ఎక్కువైతే ఇంధనం పలచబడుతుంది. దీన్ని కనిపెట్టుకుని ఉండడం యంత్రం నడిపేవాళ్ళకు ప్రాణావసరం.

మరోవైపు అయస్కాంతాలు లేకుండా చిన్న ఇంధన గుళికను అన్నివైపుల నుంచీ నొక్కి సంలీనం చేసే పద్ధతి ఉంది. అమెరికాలోని నిఫ్ లేజర్లు 2022 డిసెంబరు 5న గుళిక మీద 2.05 మెగాజౌళ్ళు పెట్టి 3.15 మెగాజౌళ్ళు రాబట్టాయి. ఆ లేజర్లు కరెంటు తీగల నుంచి తీసుకున్నది మాత్రం దాదాపు 300 మెగాజౌళ్ళు. లేజర్లకు బదులు బరువైన అయాన్ల పుంజాలతో గుళికను నొక్కవచ్చన్న ఆలోచన 1970ల నుంచీ ఉంది. యాక్సిలరేటర్లు కరెంటును పొదుపుగా వాడతాయి, సెకనుకు అనేకసార్లు పుంజాన్ని వదలగలవు. బర్కిలీ చాలా ఏళ్ళు దీనిమీద పనిచేసింది. పుంజాన్ని నానోసెకన్లలోకి కుదించడం వరకు వచ్చింది, గుళిక దాకా రాలేదు. దీనికి దక్కాల్సినంత డబ్బు దక్కలేదని నా నమ్మకం.

ప్లాస్మా చుట్టూ ఉండే గోడకు కూడా యాక్సిలరేటరే దిక్కు. ప్రతి సంలీనం నుంచీ 1 కోటి 41 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ ఒకటి వచ్చి గోడను కొడుతుంది, ఉక్కులోని పరమాణువులను స్థానాల నుంచి తప్పిస్తుంది. ఏళ్ళ తరబడి అలాంటి దెబ్బలు తింటే ఏ లోహం ఎలా పెళుసెక్కుతుందో పరీక్షించడానికి అంతటి న్యూట్రాన్లు కావాలి. స్పెయిన్‌లోని గ్రనడా దగ్గర ఇందుకోసం కడుతున్న డోన్స్ కేంద్రంలో 4 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటెరాన్లను 125 మిల్లీఆంపియర్ల బలంతో పారే ద్రవ లిథియం తెర మీద కొడతారు. 5 మెగావాట్ల పుంజం అది. దాని మొదటి భాగం నమూనాను జపాన్‌లోని రొక్కాషోలో నడుపుతున్నారు.

ఇక మిగిలింది పుంజం తినే కరెంటు. ఈటర్‌లో పది లక్షల వోల్టులు, 40 ఆంపియర్లు అంటే 40 మెగావాట్ల పుంజం. వాయువు గదిని దాటేసరికి అందులో 60 శాతంలోపే తటస్థమవుతుంది, దారిలో మరికొంత పోతుంది, ప్లాస్మాకు చేరేది 16.5 మెగావాట్లు. ప్రయోగానికి ఇది సరిపోతుంది. కరెంటు అమ్మాల్సిన విద్యుత్కేంద్రానికి సరిపోదు, అది తయారుచేసినదాంట్లో పెద్ద భాగాన్ని తనే మింగేస్తుంది. వాయువుకు బదులు కాంతితో ఎలక్ట్రాన్‌ను ఊడదీస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. 0.75 ఎలక్ట్రాన్ వోల్టుల పట్టును వదిలించడానికి మామూలు పరారుణ లేజర్ కాంతి చాలు. పైగా కాంతి పీడనం పెంచదు, పుంజాన్ని చెదరగొట్టదు. చిక్కల్లా కణం సెకనుకు 9,800 కిలోమీటర్ల వేగంతో పోతుండడం వల్ల, అది కాంతిలో ఉండేది క్షణంలో ఎన్నో వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో పని జరగాలంటే రెండు అద్దాల మధ్య మెగావాట్ల స్థాయిలో కాంతిని నిరంతరం పట్టి ఉంచాలి. అద్దాలు ఆ వేడికి వంగకూడదు, సీసియం ఆవిరి వాటి మీద పేరుకోకూడదు. ఫ్రాన్స్‌లోని ఓర్సే ప్రయోగశాల 2017లో సన్నటి, నెమ్మది హైడ్రోజన్ పుంజం మీద కాంతితో సగం దాకా అయాన్లను తటస్థం చేసి చూపించింది. ఆ పుంజం శక్తి సుమారు వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు. ఇంకా వెయ్యి రెట్లు పైకి వెళ్ళాలి.